పిన్ని అడిగిన ప్రశ్న: టీకా వల్లే అని ఎవరు రుజువు చెయ్యాలి?

2021 జూన్‌లో నావి రెండు ఉద్యోగాలు. పగలు ఆఫీసు పని, రాత్రిళ్ళు కోవిన్‌లో స్లాట్లు పట్టడం. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, ఖమ్మంలో ఇంటి నుంచే పని. చుట్టాల్లో ఎవరికి స్లాటు కావాలన్నా "వాడు సాఫ్ట్‌వేర్ కదా, వాడికి చెప్పండి" అనేవాళ్ళు. అలా ఓ ఇరవై మందికి పట్టిచ్చి ఉంటాను. అందులో మా బాబాయి ఒకడు. యాభై ఎనిమిదేళ్ళు, పదేళ్ళుగా సుగర్, రోజుకి అరపెట్టె సిగరెట్లు. "నాకెందుకురా ఇప్పుడు" అని రెండుసార్లు తప్పించుకున్నాడు. మూడోసారి నేనే బండి మీద తీసుకెళ్ళి వేయించాను.

పదకొండో రోజు తెల్లవారుజామున ఛాతీలో నొప్పన్నాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

గుండెపోటు అన్నారు. ఆ రోజుల్లో పోస్టుమార్టం మాట ఎవరెత్తుతారు? మధ్యాహ్నానికల్లా కార్యక్రమం అయిపోయింది. దినాల తర్వాత పిన్ని నన్ను పక్కకి పిలిచి, "టీకా వల్లే పోయాడంటున్నారు అందరూ, నిజమేనా నాన్నా?" అని అడిగింది. నేను చదువుకున్నవాణ్ణి కదా, వెంటనే మొదలుపెట్టాను. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిదే కారణం కాదు, సుగరుంది, సిగరెట్లున్నాయి, వగైరా వగైరా. అంతా విని ఒకే మాట అడిగింది. "సరే, టీకా వల్లే అని నేను చెప్పలేను. కాదని నువ్వెలా చెప్తున్నావురా?"

నా దగ్గర సమాధానం లేదు. ఈ టపా ఆ ప్రశ్న గురించే. ఏ కంపెనీ టీకానో ఇక్కడ రాయడం లేదు, రాస్తే వ్యాఖ్యలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను: నేను టీకాలకి వ్యతిరేకిని కాదు. తర్వాత రెండు డోసులూ వేయించుకున్నాను, మా అమ్మానాన్నలకీ వేయించాను.

రిలీజ్ చేసిన మర్నాడు

మా రంగంలో ఉన్నవాళ్ళకి ఈ గొడవ కొత్త కాదు. శుక్రవారం సాయంత్రం కొత్త కోడ్ ప్రొడక్షన్‌లో పెడతాం. శనివారం పొద్దున్నే ఏదో పడిపోతుంది. అందరి వేళ్ళూ నిన్న రిలీజ్ చేసినవాడి వైపే :) ఒకసారి ఆ వాడిని నేనే. నాలుగు గంటలు తిట్లు తిన్నాక లాగ్స్ తీసి చూస్తే తేలిందేంటంటే, సర్వర్లో డిస్కు నిండిపోయింది. నా కోడ్ పెట్టకపోయినా ఆ పొద్దున అది పడిపోయేదే.

ఇంకోసారి దీనికి ఉల్టా జరిగింది. ఒక కస్టమరు తన డేటా పోయిందని మూడు వారాల తర్వాత ఫిర్యాదు చేశాడు. మేం లాగ్స్ వారం రోజులే దాస్తాం. వెనక్కి వెళ్ళి చూడ్డానికి ఏమీ లేదు. "మా దగ్గర మళ్ళీ జరగలేదు" అని రాసి ఫిర్యాదు మూసేశాం. తప్పు మాదని తేలలేదు, మాది కాదనీ తేలలేదు. కానీ కాగితం మీద మాత్రం మేం గెలిచాం. లాగ్స్ మా చేతిలో ఉన్నాయి, చెరిపేసింది మేమే, రుజువు చెయ్యాల్సింది మాత్రం అతను. అప్పుడు నాకది తప్పనిపించలేదు. పిన్ని అడిగాక అనిపించింది.

టీకా వల్ల హాని జరిగిందనే పరిహారం కేసుల్లో గొడవంతా ఇక్కడే ఉంది.

తర్వాత జరిగినవన్నీ దానివల్లే కావు

ముందు రెండో పక్షం మాట. మామూలు రోజుల్లోనే మన దేశంలో రోజుకి సుమారు పాతికవేల మంది చనిపోతారు. కోట్ల మందికి టీకా వేస్తూ పోతే, వాళ్ళలో కొన్ని వేలమంది ఆ తర్వాతి రెండు వారాల్లో వాళ్ళ వాళ్ళ జబ్బులతో, ప్రమాదాలతో పోతారు. టీకా బదులు మంచినీళ్ళు ఇచ్చినా అంతే.

దీనికి మా జిల్లాలోనే పాత ఉదాహరణ ఒకటుంది. 2009లో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్ళ పిల్లలు అందులో చాలామంది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. అంటే వాళ్ళంతా నా ఈడు వాళ్ళే. ఇక్కడా, గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పెద్ద గొడవై 2010 ఏప్రిల్లో ప్రాజెక్టు ఆపేశారు.

విచారణలో తేలిందేమిటి? ఒక పిల్ల నీళ్ళలో మునిగి పోయింది. ఒకమ్మాయిని పాము కరిచింది. పురుగుల మందు తాగినవాళ్ళున్నారు. మలేరియాతో పోయిన పిల్ల ఉంది. పాము కాటుకీ టీకాకీ ఏం సంబంధం? అంతవరకూ చదివి "చూశారా, అంతా పుకారే" అని మూసెయ్యొచ్చు. చాలామంది మూసేశారు కూడా.

కానీ ఆ కథకి రెండో సగం ఉంది. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన అనుమతి పత్రాల్లో రెండు వేలకు పైగా హాస్టల్ వార్డెన్లే పెట్టేశారు. టీకా వేశాక ఎవరికేమైందో సరిగ్గా నమోదు చేసే ఏర్పాటు లేదని, పిల్లలకి ఇన్సూరెన్స్ కూడా లేదని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో గట్టిగానే తిట్టింది. ఆ మరణాలకి టీకా కారణమని ఎవరూ రుజువు చెయ్యలేదు. ఒకవేళ ఆ 14 వేల మందిలో ఒక పిల్లకి నిజంగానే ఏదైనా అయ్యుంటే, అది తెలిసే దారి కూడా ఎవరూ ఉంచలేదు. లాగ్స్ రాయని సిస్టమ్‌లో తప్పులు కనపడవు మరి!

రెండు ప్రశ్నలు, ఒకటే అనుకుంటాం

నాకు అర్థమైనంతలో ఇక్కడ రెండు వేరువేరు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఈ టీకా వల్ల ఈ జబ్బు రాగలదా? రెండు, ఈ మనిషికి వచ్చింది దానివల్లేనా? మొదటిది సైన్సు తేల్చగలదు. రెండోది చాలాసార్లు సైన్సు కూడా తేల్చలేదు. కోర్టులో కుటుంబం నిరూపించాల్సింది రెండోదే.

2024 ఏప్రిల్ చివర్లో వార్తలు గుర్తున్నాయా? ఆస్ట్రాజెనెకా కంపెనీ తన కోవిడ్ టీకా వల్ల చాలా అరుదుగా టీటీఎస్ రావచ్చని బ్రిటన్ హైకోర్టుకిచ్చిన పత్రాల్లో ఒప్పుకుందని. మన దగ్గర కోవిషీల్డ్ పేరుతో వేసిందీ అదే టీకా. టీవీలు హోరెత్తాయి. పిన్ని ఫోన్ చేసి "చూశావా?" అంది.

చూశాను. రక్తం గడ్డకట్టడం, దాంతోపాటు ప్లేట్‌లెట్లు పడిపోవడం, రెండూ కలిసి ఉంటేనే టీటీఎస్. ఇదేమీ 2024లో బయటపడ్డ రహస్యం కాదు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్లోనే దీన్ని అరుదైన దుష్ప్రభావాల జాబితాలో చేర్చింది. టీకా తర్వాత ఐదో రోజు నుంచి ముప్ఫయ్యో రోజు లోపల మొదలవుతుంది. పీఎఫ్4 అనే ప్రొటీన్ మీద పనిచేసే యాంటీబాడీలు రక్తంలో ఉంటాయి, వాటికి పరీక్ష ఉంది. ఆ పరీక్ష పాజిటివ్ వస్తే మా భాషలో స్టాక్ ట్రేస్ దొరికినట్టే. పోలియో చుక్కలతో చాలా అరుదుగా వచ్చే పక్షవాతం కూడా అంతే, పిల్లాడి మలంలో దొరికిన వైరస్ టీకాలోదా, ఊళ్ళో తిరిగేదా అన్నది లాబ్‌లో చెప్పగలరు.

కానీ అదే కంపెనీ అదే పత్రంలో ఇంకో మాట కూడా అంది. టీటీఎస్ టీకా లేకుండా కూడా రావచ్చు, ఏ ఒక్కరి విషయంలోనైనా కారణం ఏమిటన్నది నిపుణుల సాక్ష్యంతో తేలాలి అని. అంటే మొదటి ప్రశ్నకి అవునంటూనే రెండోదాన్ని మళ్ళీ కుటుంబం నెత్తిన పెట్టింది. టీవీల్లో ఈ రెండో ముక్క నాకెక్కడా వినపడలేదు.

బాబాయి సంగతి? పదకొండో రోజు కాబట్టి గడువు లోపలే. ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో ఎవరూ చూడలేదు. చూస్తే మామూలుగానే ఉండేవేమో. నా నమ్మకం అదే, సుగరూ సిగరెట్లే అని. కానీ నమ్మకాన్ని రుజువు అనలేను కదా.

59 మందిలో 29 మంది ఎవరు?

ఈ లెక్క చూశాకే నా ఆలోచన మారింది. 2021 మేలో బీఎంజే పత్రికలో డెన్మార్క్, నార్వే వాళ్ళ అధ్యయనం వచ్చింది. అక్కడ ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు మీద టీకా రికార్డూ ఆసుపత్రి రికార్డూ రెండూ ఉంటాయి. ఆస్ట్రాజెనెకా మొదటి డోసు వేసుకున్న 2,81,264 మందిని తర్వాతి 28 రోజులు రికార్డుల్లోనే వెంబడించారు. మామూలుగానైతే అంతమందిలో 30 మందికి సిరల్లో రక్తం గడ్డకట్టాలి. 59 మందికి కట్టింది. అంటే 29 మంది ఎక్కువ.

ఇప్పుడు ఆ 59 కుటుంబాలూ కోర్టుకెళ్ళాయనుకోండి. సివిల్ కేసుల్లో రుజువంటే "అయ్యుండే అవకాశం కాకపోవడం కన్నా ఎక్కువ" అని చూపించాలి. సగం దాటాలన్నమాట. ఒక్కొక్కరి విషయంలో టీకా కారణమయ్యే అవకాశం ఎంత? 59లో 29, అంటే 49 శాతం. సగానికి ఒక్క శాతం తక్కువ. వేరే పరీక్షలేవీ లేకపోతే 59 మందీ ఓడిపోతారు! దాదాపు 29 మందికి హాని జరిగిందని అందరికీ తెలుసు, జడ్జికీ తెలుసు. అయినా ఒక్కరికీ పైసా రాదు. అదే లెక్క 30 బదులు 28 అయితే అందరూ గెలుస్తారు, టీకాతో సంబంధం లేని ఆ 28 మందితో సహా.

ఇది ఎవరో లాయరు సరిగ్గా వాదించక వచ్చిన చిక్కు కాదు. ఒక్కొక్క మనిషి దగ్గర రుజువు అడిగే పద్ధతిలోనే ఉన్న చిక్కు. ఎంత తెలివైన డాక్టరైనా ఆ 59 మందిలోంచి ఆ 29 మందిని ఏరి చూపించలేడు. లేని రుజువు తెమ్మని అడగడమంటే, ఇవ్వనని ముందే చెప్పడమే.

వేరే దేశాల్లో ఏం చేశారు

అమెరికాలో 1980ల్లో కోరింత దగ్గు, ధనుర్వాతం, కంఠసర్పి మూడింటికీ కలిపి వేసే టీకా మీద కేసులు కుప్పలుగా పడ్డాయి. కంపెనీలు ఒక్కొక్కటే ఈ వ్యాపారం నుంచి తప్పుకున్నాయి. అప్పుడు 1986లో ఒక చట్టం చేశారు, 1988 నుంచి అమలైంది. ప్రతి డోసు మీద, అది ఆపే ఒక్కో జబ్బుకి 75 సెంట్లు పన్ను, ఆ డబ్బుతో ఒక నిధి. ఎవరి నిర్లక్ష్యమూ నిరూపించనక్కర్లేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది అందులోని పట్టిక. ఏ టీకాకి ఏ హాని, ఎంత సమయంలోపు అని రాసి ఉంటుంది. ఉదాహరణకి ఫ్లూ టీకా తర్వాత మూడు నుంచి 42 రోజుల్లోపు గులియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు వస్తే టీకా వల్లే అనుకుంటారు. కాదని చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. బరువు అటు మారిపోయింది చూడండి.

పట్టికలో లేనివాటికి మాత్రం కుటుంబమే నిరూపించాలి. దానికి 2005లో ఫెడరల్ అప్పీలు కోర్టు మూడు మెట్లు పెట్టింది. టీకా ఆ హాని ఎలా చెయ్యగలదో ఒక వైద్య వివరణ ఉండాలి, ఈ మనిషి విషయంలో అది అలాగే జరిగిందనడానికి ఒక వరస ఉండాలి, సమయం కుదరాలి. పత్రికల్లో అచ్చయిన అధ్యయనాలే కావాలని పట్టుబట్టకూడదంది. అటో ఇటో తేలనప్పుడు బాధితుడి వైపు మొగ్గాలంది.

"మరైతే ఎవడు పడితే వాడు డబ్బు పట్టుకుపోతాడుగా" అంటారా? అలా ఏం జరగలేదు. టీకాల వల్ల ఆటిజం వచ్చిందని ఐదువేలకు పైగా కుటుంబాలు అదే కోర్టుకెళ్ళాయి. నమూనాగా తీసుకున్న మూడు కేసుల్లో రోజుల తరబడి సాక్ష్యాలు విని, 2009 ఫిబ్రవరిలో మూడూ కొట్టేశారు. 2010లో ఇంకో మూడు కొట్టేశారు. మెట్లు తక్కువెత్తులో ఉన్నా అవి మెట్లే.

అక్కడా అంతా బాగుందని కాదు. కోవిడ్ టీకాల్ని ఈ పద్ధతిలో కాకుండా అత్యవసర పరిస్థితుల కోసం పెట్టిన ఇంకో పథకంలో పడేశారు. అందులో ఏడాది లోపే దరఖాస్తు చెయ్యాలి, లాయరు ఖర్చులివ్వరు, రుజువు ప్రమాణం చాలా గట్టిది. 2023లో మొదటిసారి ముగ్గురికి డబ్బిచ్చారు, ముగ్గురికీ కలిపి ఐదువేల డాలర్ల లోపు. ఒకే దేశం, ఒకే రకం హాని. రుజువు బరువు ఎటు పెట్టారన్నదే తేడా.

బ్రిటన్‌లో 1979 నుంచి చట్టముంది. 2007 నుంచి 1,20,000 పౌన్లు ఇస్తున్నారు, కానీ 60 శాతం వైకల్యం ఉంటేనే. 59 శాతమైతే సున్నా. మళ్ళీ అదే సగం గీత గోల.

మన దగ్గర

మన దగ్గర టీకా తర్వాత జరిగిన తీవ్ర ఘటనల్ని జాతీయ ఏఈఎఫ్ఐ కమిటీ చూస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం వర్గాలు చేస్తుంది: టీకా వల్లే, తేల్చలేం, కాకతాళీయం, వివరాలు చాలవు, ఇలా. 2021 జూన్‌లో బయటికొచ్చిన నివేదికలో 31 కేసులుంటే 18 కాకతాళీయం, ఏడు తేల్చలేనివి, మూడు టీకా వల్ల, ఒకటి ఆందోళన వల్ల, రెండింటికి వివరాలు చాలలేదు. కోవిడ్ టీకా వల్ల మన దేశంలో మరణం సంభవించిందని ప్రభుత్వ కమిటీ మొదట ఒప్పుకున్నది ఇక్కడే. 68 ఏళ్ళ మనిషి, టీకా వేసుకోగానే వచ్చిన తీవ్రమైన ఎలర్జీ.

ఈ పని నిజాయితీగానే చేశారనుకుంటాను. కానీ "తేల్చలేం" అన్న ఆ ఏడుగురి ఇళ్ళలో ఏం చేసుకోవాలి ఆ మాటని?

2021లో కోవిషీల్డ్ తర్వాత కూతుళ్ళని పోగొట్టుకున్న రెండు కుటుంబాల వాళ్ళు సుప్రీంకోర్టుకెళ్ళారు. అందులో ఒకరిది హైదరాబాదు. 2022 నవంబరులో కేంద్రం అఫిడవిట్ వేసింది. టీకా స్వచ్ఛందం, సమాచారమంతా బయటే ఉంది, ప్రభుత్వం బాధ్యురాలు కాదు, నిర్లక్ష్యం ఉందనుకుంటే సివిల్ కోర్టుకో వినియోగదారుల ఫోరంకో వెళ్ళొచ్చు అని. 219.86 కోట్ల డోసులకి నమోదైన ఘటనలు 92,114 అని, అందులో తీవ్రమైనవి, మరణాలతో సహా, 2,782 అని లెక్కలిచ్చింది.

నిర్లక్ష్యం అన్న మాట దగ్గర ఆగండి. టీటీఎస్‌తో పోయిన అమ్మాయి విషయంలో ఎవరి నిర్లక్ష్యం? నర్సు సరిగ్గానే వేసింది. డోసు మంచిదే. కంపెనీ ప్రమాణాల ప్రకారమే తయారు చేసింది. ఎవరూ తప్పు చెయ్యలేదు, మనిషి మాత్రం లేదు. నిర్లక్ష్యం మీద కేసు వెయ్యమంటే ఆవిడ తల్లిదండ్రులు రెండు నిరూపించాలి, టీకా వల్లే పోయిందనీ, ఎవరో తప్పు చేశారనీ. మొదటిది నిరూపించినా రెండోది ఉండదు.

ఇక స్వచ్ఛందం మాట. బాబాయి రెండుసార్లు వద్దన్నాడు. రింగ్‌టోన్‌లో, టీవీలో, ఫోన్లో, చివరికి నా నోటితో కూడా "నీ కోసమే కాదు, అందరి కోసం" అని చెప్పించుకుని వేసుకున్నాడు. ఆ మాట అబద్ధం కాదు. టీకా వల్ల లక్షలమంది బతికారు. కానీ అందరి కోసం అని వేయించినప్పుడు, ఏదైనా అయితే మాత్రం నీ ఒక్కడిదే అనడం ఏం న్యాయం?

ఆ 92,114లో బాబాయి లేడు. ఎవరూ రాయలేదు కాబట్టి లేడు. కోవిన్‌లో ఆయన డోసు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్నాయి. మునిసిపాలిటీలో మరణం తేదీ ఉంది. రెండూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. ఆ రెంటినీ కలిపి చూసినవాళ్ళు లేరు. డెన్మార్క్ వాళ్ళు చేసింది ఆ కలపడమే.

నేననుకునేది

పరిహారం కోసం ఎవరు ఏ పథకం పెట్టినా ఈ నాలుగూ ఉండాలని నా అభిప్రాయం.

ఒకటి, పట్టిక. ఏ టీకాకి ఏ హాని, ఎన్ని రోజుల్లో అని ముందే రాసి పెట్టాలి. అందులో పడితే రుజువడక్కూడదు. కొత్త సంగతి తెలిసినప్పుడు మార్చాలి, కలపడానికీ తీసెయ్యడానికీ సిగ్గుపడకూడదు.

రెండు, లాగ్స్ ఎవరి దగ్గరుంటే బరువు వాళ్ళది. టీకా వేసిన 30 రోజుల్లోపు మరణమైతే కుటుంబం అడగకుండానే నమోదు కావాలి. ప్లేట్‌లెట్ల పరీక్ష, కుటుంబం ఒప్పుకుంటే పోస్టుమార్టం ఖర్చు లేకుండా చెయ్యాలి. పరీక్ష చెయ్యకపోవడం వల్ల తేలకపోతే ఆ సందేహం లాభం కుటుంబానికి దక్కాలి.

మూడు, సగం గీత పోవాలి. తేల్చలేం అన్న చోట సున్నా బదులు ఎంతో కొంత ఇవ్వొచ్చు. 49 శాతం అవకాశమున్నవాడికి సగం ఇస్తే ఆకాశమేం ఊడిపడదు.

నాలుగు, డబ్బివ్వడం తప్పొప్పుకోవడం కాదని చట్టంలోనే రాయాలి. ఇది మనకేం కొత్త కాదు. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద రోడ్డు ప్రమాదంలో పోతే ఎవరి తప్పో అడక్కుండా ఐదు లక్షలిస్తారు. దానివల్ల బస్సులెక్కడం ఎవరూ మానెయ్యలేదు.

దీనికి రెండు అభ్యంతరాలొస్తాయి. డబ్బిస్తే టీకా చెడ్డదన్న పుకారు బలపడుతుంది కదా అంటారు. నాకు తెలిసి పుకారు పుట్టేది డబ్బిచ్చినచోట కాదు, సమాధానం ఇవ్వనిచోట. మా వీధిలో నలుగురు రెండో డోసుకి వెళ్ళలేదు. వాళ్ళెవరూ వాట్సాప్ చూసి ఆగలేదు, బాబాయిని చూసి ఆగారు. ఒక ఆరోగ్య అధికారి వచ్చి గంటసేపు కూర్చుని, రిపోర్టులు చూసి, ఇదీ సంగతి అని చెప్పి ఉంటే అందులో ముగ్గురైనా వెళ్ళేవాళ్ళు.

రెండోది, నిజంగా టీకా వల్ల కాని వాళ్ళకి కూడా డబ్బు పోతుంది కదా అని. పోతుంది. 2006లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు, కోరింత దగ్గు టీకా వల్ల మెదడు దెబ్బతిందని చెప్పుకున్న 14 మందిని పరీక్షిస్తే 11 మందిలో పుట్టుకతోనే ఉన్న జన్యులోపం దొరికింది. అమెరికాలో చట్టం పుట్టించిన కేసులు సరిగ్గా ఈ రకానివే. అప్పట్లో అక్కడ డబ్బు తీసుకున్నవాళ్ళలోనూ ఇలాంటివాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు మోసగాళ్ళా? కాదు, అప్పటికి తెలిసింది అంతే. జబ్బుపడ్డ పిల్లాడింటికి పొరపాటున డబ్బు వెళ్తే అది నాకు పెద్ద నష్టంలా అనిపించదు. దెబ్బతిన్నవాళ్ళకి పొరపాటున వెళ్ళకపోవడం అంతకన్నా చాలా పెద్ద నష్టం. రెండు పొరపాట్లలో ఏదో ఒకటి తప్పదన్నప్పుడు ఏది చెయ్యాలో మనం ఎంచుకోవచ్చు.

మా బాబాయి ఈ పట్టికలో పడకపోవచ్చు. గుండెపోటు, ప్లేట్‌లెట్ల సంగతి తెలీదు. ఎవరైనా పరీక్ష చేసి ఉంటే "కాకతాళీయం" అనే వచ్చేదేమో, పిన్నికి రూపాయి వచ్చేది కాదేమో. అయినా ఆవిడడిగింది డబ్బు కాదు. మూడేళ్ళ తర్వాత వార్త చూసి ఫోన్ చేసినప్పుడు కూడా డబ్బు మాట ఎత్తలేదు. "అప్పుడే ఒక్క రక్తపరీక్ష చేసుంటే ఇవాళ నాకీ వార్త చూసి నిద్ర పట్టకుండా ఉండేది కాదు కదరా" అంది.

పోయినేడాది పిన్నికి మనవరాలు పుట్టింది. ఆరో వారం టీకాలకి తీసుకెళ్ళే ముందు రోజు రాత్రి మళ్ళీ ఫోన్. "వేయించమంటావా?" అని. వేయించమన్నాను. ఎందుకో, ఏమొస్తే ఏం చూసుకోవాలో, ఎవరికి చెప్పాలో తెలిసినంత చెప్పాను. ఈసారి "ఏం కాదు" అని మాత్రం అనలేదు. వెళ్ళి వేయించింది. కార్డు మీద బ్యాచ్ నంబరు రాయించుకుని, ఫోటో తీసి నాకు పంపింది.

మీ ఇళ్ళలో ఇలాంటిదేమైనా జరిగిందా? జరిగితే ఎవరైనా వచ్చి అడిగారా, రాసుకున్నారా? చెప్పండి. నా లెక్కలో తప్పుంటే అది కూడా చెప్పండి, దిద్దుకుంటాను.